వ్యవసాయం, ఆహారం రంగంలో మీకు తగిన పని ఏదో తేల్చుకోవడం ఎలా: గుంటూరు మిర్చితో ఒక చిన్న పరిశీలన

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. "బైపీసీ చదివాను, ఎంబీబీఎస్ సీటు రాలేదు, అగ్రికల్చర్‌లో చేరమంటారా?" "నాది ఎకనామిక్స్ డిగ్రీ, వ్యవసాయ రంగంలో నాకు పని దొరుకుతుందా?" "ఫుడ్ టెక్నాలజీ అంటే ల్యాబ్‌లో కూర్చోవడమేనా?" విడివిడిగా జవాబు చెప్పే బదులు, ఎవరికి వాళ్ళు తేల్చుకునే పద్ధతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను. కోర్సుల జాబితా చూసి నిర్ణయించుకోకండి. ముందు ఒక పంటను పట్టుకుని చేను నుంచి వంటింటి దాకా దాని వెంట నడవండి. మీకు ఏ పని నచ్చుతుందో దారిలోనే తెలిసిపోతుంది.

ఈ రంగంలో సగం ప్రశ్నలకు తూకం, తేమ, పురుగు, బూజు జవాబు చెప్తాయి. మిగతా సగానికి అప్పు, కౌలు, కూలి, ధర, అలవాటు చెప్తాయి. ఒక సగమే తెలిసినవాళ్ళు ఇచ్చే సలహా చేలో నిలబడదు. సిద్ధాంతం ఇంతవరకే. ఇక పనిలోకి దిగుదాం.

కావలసినవి

గ్రాముల్లో చూపించే వంటింటి తూకం. నోటు పుస్తకం, రెండు పెన్నులు. మాస్కు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా (మిర్చి ఘాటు సంగతి మార్కెట్ యార్డు గేటు దాటగానే తెలుస్తుంది). నాలుగైదు శుభ్రమైన కవర్లు, వాటి మీద రాయడానికి మార్కర్. వీటన్నిటికంటే ముఖ్యం, ఊళ్ళో మిమ్మల్ని పరిచయం చేసే ఒక మనిషి: మీ మేనమామ కావచ్చు, స్నేహితుడి నాన్నగారు కావచ్చు, రైతు సేవా కేంద్రంలో పనిచేసే అసిస్టెంటు కావచ్చు. పరిచయం లేకుండా వెళ్తే మిమ్మల్ని మందుల కంపెనీ మనిషో, బ్యాంకు మనిషో అనుకుంటారు. ఆ తర్వాత మీరు వినేది వాళ్ళకు చెప్పే మాటలే, మీకు చెప్పేవి కావు.

కాలం: కోత పూర్తయి కళ్ళాల్లో కాయ ఆరబోసే రోజులు, అంటే సుమారు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మంచిది. ఆ కాలం దాటిపోతే విజయవాడ వాళ్ళు నున్న మామిడి మార్కెట్, తెనాలి వైపు వాళ్ళు దుగ్గిరాల పసుపు యార్డు, డెల్టా ఊళ్ళవాళ్ళు వరి తీసుకోవచ్చు. ఏదీ కుదరకపోతే మీ దగ్గరి రైతు బజారు చాలు. ఇక్కడ మిర్చితోనే చెప్తున్నాను.

1. ప్రశ్న చిన్నది చేయండి

"మిర్చి రైతుల సమస్యలు" అనేది ప్రశ్న కాదు, వ్యాసం శీర్షిక. "ఈ రైతు కాయను పూర్తిగా ఆరకముందే ఎందుకు టిక్కీల్లోకి (మిర్చి బస్తాల్లోకి) ఎత్తాడు?" అనేది ప్రశ్న. ఒకే పని, ఒకే నిర్ణయం, ఒకే మనిషి అన్నట్టు ఉండాలి.

ఇంకా కొన్ని: తాలు కాయ (రంగు పోయిన నాసి కాయ) ఒకే ఊళ్ళో ఒకరికి తక్కువ, ఇంకొకరికి ఎక్కువ ఎందుకు వస్తోంది? 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు వచ్చి చేలు ఊడ్చేసినప్పుడు రైతు ఎవరి మాట విని ఏ మందు కొట్టాడు? వరి తీసుకున్నవాళ్ళకు: తెగుళ్ళకు లొంగిపోతుందని తెలిసి కూడా బాపట్లలో పుట్టిన బీపీటీ 5204ను (1986లో విడుదలైంది, మనం సాంబ మసూరి అనుకునేది అదే) జనం ఎందుకు వదలలేదు? ఈ చివరి ప్రశ్నకు జవాబు పొలంలో సగం, కంచంలో సగం ఉంటుంది.

సరిచూసుకోవడం: మీ ప్రశ్నను ఊళ్ళో ఒక పెద్దాయనకు ఒక్క వాక్యంలో చెప్పండి. ఆయన "అదా, దానికేముంది..." అని మొదలుపెడితే ప్రశ్న బాగుంది. "ఏం చదువుతున్నావు బాబూ?" అని అడిగితే మళ్ళీ రాసుకోండి.

2. పేజీని నిలువునా రెండు చేయండి

ఎడమ వైపు "కొలవాల్సినవి", కుడి వైపు "అడగాల్సినవి". ఆరబోత ప్రశ్నకైతే ఎడమ వైపు తేమ, తాలు శాతం, ఆరబోసిన రోజులు, కింద టార్పాలిన్ పట్టా ఉందా నేలేనా, రాత్రి మంచుకు కప్పారా. కుడి వైపు కళ్ళం సొంతమా అద్దెకా, పట్టాలు ఎన్ని ఉన్నాయి, కూలీలు దొరికారా, అప్పు గడువు ఎప్పుడు, ఎత్తే ముందు రోజు ధర గురించి ఏం విన్నారు.

ఒక వైపు నిండిపోయి ఇంకో వైపు రెండు లైన్లే ఉంటే అక్కడే ఆగండి. బైపీసీ వాళ్ళకు కుడి వైపు, ఆర్ట్స్ వాళ్ళకు ఎడమ వైపు ఖాళీగా మిగలడం మామూలే. ఆ ఖాళీని ఇప్పుడే నింపకపోతే కళ్ళంలో కూడా మీకు అలవాటైనవే కనపడతాయి.

3. కళ్ళంలో కొలవండి

ముందు శాంపిల్. రాశి పైనుంచి ఒక గుప్పెడు తీసుకుంటే అది శాంపిల్ కాదు. పైన ఎండకు బాగా ఆరినవే ఉంటాయి. పైన, మధ్య, అడుగున, అంచుల్లో తీసి అన్నీ కలపండి. కలిపినదాన్ని పరిచి నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు ఉంచుకుని మిగతావి తిరిగి రాశిలో పోయండి. ఒక కిలో మిగిలేదాకా ఇలాగే చేయండి. అందులోంచి తాలు ఏరి తూచండి. కిలోలో 80 గ్రాములుంటే తాలు 8 శాతం.

తేమకు ప్రయోగశాల పద్ధతి వేరే ఉంది. ఇంట్లో చేసుకునేది ఇది: కలిపిన శాంపిల్‌లోంచి 100 గ్రాములు తూచి, కాయల్ని ముక్కలు చేసి, పళ్ళెంలో పలచగా పరిచి మంచి ఎండలో పెట్టండి. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తేవాలి. రెండు రోజులు వరుసగా తూకం మారకపోతే ఆపేయండి. తగ్గిన గ్రాములు రాసుకోండి. ఇది అసలు తేమ శాతం కాదు, ఎండకు పోగలిగినంత తేమ మాత్రమే. రెండు కళ్ళాలను పోల్చడానికి పనికొస్తుంది, ఎవరికైనా "మీ కాయలో తేమ ఇంత శాతం" అని చెప్పడానికి పనికిరాదు.

హెచ్చరిక: తొందరపడి మైక్రోవేవ్‌లోనో ఓవెన్‌లోనో ఎండబెట్టకండి. ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ వీధిలో నిలబడాల్సి వస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళకు ప్రమాదం కూడా. ముక్కలు కోసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. ఆ చేతులు కళ్ళకు తగలనివ్వకండి.

ప్రత్యామ్నాయం: తేమ మీటరు ఉన్న వ్యాపారిని గానీ, గుంటూరు దగ్గర లాంలోని కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ళను గానీ ముందుగా అడిగి చూడండి. ఇంటి పద్ధతి కంటే అది మేలు.

కొలవలేనిది ఒకటుంది: అఫ్లాటాక్సిన్. తేమ ఆరని కాయలో పెరిగే ఒక రకం బూజు తయారుచేసే విషం. కంటికి కనపడదు, వాసన రాదు. కడిగినా వండినా నమ్మకంగా పోదు. యూరప్ దేశాలు మిర్చిలో దీని మొత్తం పరిమితిని కిలోకు 10 మైక్రోగ్రాములుగా పెట్టుకున్నాయి. ఒక రాశిలో కొన్ని కాయల్లోనే ఇది ఎక్కువగా ఉండొచ్చు కాబట్టి శాంపిల్ తప్పుగా తీస్తే ఎంత ఖరీదైన యంత్రమైనా తప్పే చెప్తుంది. మీ పేజీలో "అఫ్లాటాక్సిన్ లేదు" అని మాత్రం రాయకండి. "చూడలేదు" అని రాయండి.

4. మనుషుల్ని అడగండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. సైన్సు చదివినవాళ్ళు అడగడాన్ని తేలిక పని అనుకుంటారు, కొలవడంలో చూపించే శ్రద్ధలో పదో వంతు కూడా ఇక్కడ చూపించరు.

"ఎందుకు సరిగ్గా ఆరబెట్టలేదు?" అని అడగకండి. అది ప్రశ్నలా ఉండదు, నిలదీసినట్టుంటుంది. జరిగినదాన్ని జరిగిన వరసలో అడగండి. "బాబాయ్, కాయ కళ్ళంలోకి ఎప్పుడొచ్చింది? ఎన్నాళ్ళు ఉంచారు? ఎత్తిన రోజు పొద్దున ఏం జరిగింది?" మబ్బు పట్టిందనో, పక్క కళ్ళంవాళ్ళు ఎత్తేశారనో, కమీషన్ కొట్టు నుంచి ఫోన్ వచ్చిందనో ఆయనే చెప్తాడు. కారణం అందులో ఉంటుంది, మీరు అడగక్కర్లేదు.

ఆదాయం ఎంత అని అడగకండి. ఎకరానికి ఎన్ని టిక్కీలయ్యాయి, ఎంతకు పోయాయి అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, లెక్క మీరే వేసుకోవచ్చు. నలుగురిలో "పొలం సొంతమేనా?" అని మాత్రం అడగొద్దు. కౌలు సంగతి మన ప్రాంతంలో సున్నితమైన విషయం. కౌలు రైతుకు పంట సాగుదారు హక్కుల పత్రం ఇవ్వాలని 2019లో చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం అది రావాలంటే భూయజమాని కూడా సంతకం పెట్టాలి. మీరు పదిమందిలో అడిగిన మాట ఆ సంతకానికి అడ్డం పడొచ్చు. పక్కకు వచ్చాక, ఆయనే కదిపితే వినండి.

కాయ కోసేదీ, తాలు ఏరేదీ, తొడిమలు తీసేదీ ఎక్కువగా ఆడవాళ్ళు. కాయ గురించి వాళ్ళ వేళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. రైతు పక్కన నిలబడి ఉండగా వాళ్ళను అడిగితే "అంతా బాగానే ఉందయ్యా" అంటారు. అన్నాల వేళ చెట్టు కింద కూర్చున్నప్పుడు వెళ్ళండి. కూలి రోజుకా, కిలోకా అని అడగండి. కిలో లెక్కనైతే చెయ్యి వేగం పెరుగుతుంది, పచ్చికాయ, పండుకాయ ఒకే సంచిలో పడతాయి. కళ్ళంలో మీరు తూచిన తాలు శాతానికి ఒక కారణం ఇక్కడ దొరికే అవకాశం ఉంది.

పేర్లు రాయకండి. "రైతు 1, కూలి 2" చాలు. ఫోటో తీసే ముందు అడగండి. రికార్డింగ్ వద్దు, ఫోను బయటికి తీయగానే మాట తీరు మారిపోతుంది.

సరిచూసుకోవడం: ఒకే ప్రశ్నను రైతుకు, కూలికి, కమీషన్ వ్యాపారికి వేయండి. ముగ్గురూ ఒకే జవాబు చెప్తే సంతోషపడకండి. జవాబు మీ ప్రశ్నలోనే ఉందేమో చూసుకోండి.

5. యార్డులో ధర చూడండి

గుంటూరు మిర్చి యార్డుకు పెందలాడే వెళ్ళండి. సెలవులు ముందే కనుక్కోండి, వేసవిలో కొన్ని వారాలు మూసేస్తారు. ముఠా కూలీలు టిక్కీలు మోసే దారికి అడ్డం నిలబడకండి. వాళ్ళకు ఆగే వీలుండదు. తెలిసిన కమీషన్ కొట్టు ఒకటి ఉంటే అక్కడే ఒక మూల కూర్చుని చూడండి.

మూడు చూడాలి. ఒకటి, కొనేవాళ్ళు కాయను ఎలా పరీక్షిస్తున్నారు. చేత్తో నలుపుతారు, విరుస్తారు, రంగు చూస్తారు, గలగలమంటోందా అని వింటారు. రెండు, తేజ, 334, బాడిగ రకాల ధరల్లో తేడా. తేజకు కారం ఎక్కువ, బాడిగకు రంగు ఎక్కువ కారం తక్కువ. కాబట్టి ఒక్కోదానికి కొనేవాళ్ళు వేరు. మూడు, బాగా ఆరిన కాయకూ ఆరీ ఆరని కాయకూ ధరలో తేడా ఎంత. ఈ మూడోది లేకపోతే తర్వాతి మెట్టు ఎక్కలేరు.

6. లెక్క వేయండి

కళ్ళం, యార్డు ఇక్కడ కలుస్తాయి, నిదానంగా చదవండి.

20 శాతం తేమ ఉన్న 100 కిలోల కాయ తీసుకుందాం. అందులో నీరు 20 కిలోలు, గట్టి పదార్థం 80 కిలోలు. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం ఎండు మిర్చిలో తేమ 11 శాతం మించకూడదు. అంతవరకు ఆరబెడితే ఆ 80 కిలోలు మొత్తంలో 89 శాతం అవుతాయి. 80ని 0.89తో భాగిస్తే దాదాపు 90 కిలోలు. అంటే రైతు చేతిలో 10 కిలోలు ఆవిరైపోయాయి.

ఇప్పుడు ధర. లెక్క తేలికగా ఉండటానికి తడి కాయ కిలో 100 రూపాయలనుకోండి. 100 కిలోలకు 10,000. ఆరిన 90 కిలోలకు అదే 10,000 రావాలంటే కిలోకు సుమారు 111 రూపాయలు పడాలి. ఇంకా నాలుగు రోజుల కళ్ళం అద్దె, తిరగేసే కూలి, వాన పడుతుందేమోనన్న టెన్షన్ కలపండి. 115 వస్తే తప్ప బాగా ఆరబెట్టినవాడికి మిగిలేది లేదు. మీరు యార్డులో చూసిన తేడా 5 రూపాయలే అయితే, రైతు తొందరపడి ఎత్తడం అజ్ఞానం కాదు, లెక్క.

సైన్సు మాత్రమే చదివినవాడు ఇక్కడ "రైతులకు అవగాహన సదస్సు పెట్టాలి" అని రాస్తాడు. లెక్క మాత్రమే తెలిసినవాడు "ధర ఇవ్వకపోతే ఆరబెట్టరు" అని వదిలేస్తాడు, ఆ తడి కాయలోనే బూజు పెరిగి ఎగుమతి సరుకు వెనక్కి రావచ్చన్న సంగతి అతనికి తట్టదు. తేమను బట్టి ధర కట్టే కొనుగోలుదారును వెతకడం, రైతు ఉత్పత్తిదారుల సంఘం తరఫున పట్టాలు, సోలార్ డ్రయ్యరు అద్దెకివ్వడం లాంటి ఉపాయాలు రెండూ చూసినవాళ్ళకే తడతాయి. అలాంటివాళ్ళకు జీతమిచ్చే సంస్థలు ఉన్నాయి, కింద చెప్తాను.

తరచూ జరిగే తప్పు: 20లోంచి 11 తీసేసి "9 కిలోలు తగ్గుతాయి" అనడం. తేమ శాతం మొత్తం బరువు మీద లెక్క. నీరు పోయినకొద్దీ ఆ మొత్తమే తగ్గుతుంది. గట్టి పదార్థం మారదు, దాన్నే పట్టుకుని లెక్కించండి.

7. ఒక పేజీ రాయండి

ఏం కొలిచాను, ఏం విన్నాను, రెండూ ఎక్కడ పొసగలేదు, ఏం చేసి చూడొచ్చు. ఇంతే. ఇప్పుడు కొలతల భాగం మీద చెయ్యి అడ్డం పెట్టి చదవండి. మీ నిర్ణయం అలాగే నిలబడితే కొలతలు అలంకారానికి పెట్టారన్నమాట. మాటల భాగం మీద చెయ్యి పెట్టి కూడా అలాగే చూడండి. పేజీని ఆ రైతుకు చదివి వినిపించండి. ఆయన దిద్దినవి దిద్దండి. ఆయనకు తెలియకుండా ఇంకెక్కడా చూపించకండి.

8. మీకు ఏది నచ్చిందో చూసుకోండి

ఏ మెట్టు దగ్గర టైం తెలియలేదు? ఏది వాయిదా వేస్తూ వచ్చారు? వాయిదా వేసినదే నిజం చెప్తుంది.

కొలవడం నచ్చినవాళ్ళు: బైపీసీ అయితే ఏపీ ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్, నాలుగేళ్ళు. మన ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం లాంలోనే ఉంది. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచి నడుస్తోంది, ఫుడ్ టెక్నాలజీ బీటెక్ కూడా బాపట్లలోనే ఉంది. తర్వాత తెగుళ్ళు, పురుగులు, ఆహార శాస్త్రంలో పీజీ. సుగంధ ద్రవ్యాల బోర్డు నాణ్యతా పరీక్ష ల్యాబు గుంటూరులోనే ఉంది. ఎగుమతిదారుల దగ్గర నాణ్యత విభాగాలున్నాయి, ఆహార భద్రతా అధికారి పోస్టులున్నాయి.

అడగడం నచ్చినవాళ్ళు: అగ్రికల్చర్ డిగ్రీలోనే గ్రామీణ సమాజ శాస్త్రం, విస్తరణ విద్య (సాగు విషయాలను రైతులకు చేరవేసే చదువు) పాఠాలుంటాయి, చివరి ఏడాది పల్లెలో ఉండి పనిచేయాలి. దాన్ని చాలామంది సెలవుల్లా గడిపేస్తారు. మీరు ఆ పని చేయకండి, విస్తరణలో పీజీకి అదే పునాది. గుంటూరులోని కమ్యూనిటీ సైన్స్ కళాశాలలో పోషకాహారం, కుటుంబ వనరులు చదవొచ్చు. ప్రకృతి వ్యవసాయం నడిపే రైతు సాధికార సంస్థ కేంద్రం కూడా గుంటూరే. అక్కడ పని ఎక్కువగా మహిళా సంఘాల ద్వారా సాగుతుంది కాబట్టి మనుషులతో మాట్లాడటం వచ్చినవాళ్ళు కావాలి.

లెక్క నచ్చినవాళ్ళు: వ్యవసాయ ఆర్థిక శాస్త్రం, అగ్రి బిజినెస్. చదవడానికి హైదరాబాద్‌లో మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ), గుజరాత్ ఆనంద్‌లో ఇర్మా (గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ). వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్ గ్రేడ్ ఎ ఆఫీసర్ పరీక్ష మెయిన్స్‌లో ఆర్థిక సామాజిక అంశాలు, వ్యవసాయం, గ్రామీణాభివృద్ధి ఒకే పేపర్లో వస్తాయి. మీరు రాసిన పేజీ ఆ పేపరుకు మంచి తయారీ.

ఎకనామిక్స్, సోషల్ వర్క్ చదివినవాళ్ళకు ఒక హెచ్చరిక: మండల వ్యవసాయాధికారి, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులకు వ్యవసాయం లేదా దాని అనుబంధ డిగ్రీ కావాలి. కోచింగ్ ఫీజు కట్టే ముందు అర్హత చదవండి. మీకు నాబార్డ్ జనరల్ పోస్టులు, ఇర్మా, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు తెరిచే ఉన్నాయి.

పదో తరగతితో ఆగినవాళ్ళకు రెండేళ్ళ వ్యవసాయ పాలిటెక్నిక్ ఉంది. అక్కడి నుంచి అగ్రిసెట్ ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలోకి రావచ్చు. తక్కువమందికి తెలిసిన దారి ఇది.

ప్రైవేటు కళాశాలలో చేరేవాళ్ళు రెండు కాగితాలు అడిగి చూడండి: భారత వ్యవసాయ పరిశోధన మండలి గుర్తింపు, దాని గడువు తేదీ. బ్రోచర్లో లోగో ఉంటే సరిపోదు. రైతు కుటుంబాల కోటాకు దరఖాస్తు చేసేవాళ్ళు పల్లెలో చదివిన ఏళ్ళ స్టడీ సర్టిఫికెట్లు, భూమి కాగితాలు ర్యాంకులు రాకముందే సిద్ధం చేసుకోండి. కౌన్సెలింగ్ తేదీలు ప్రకటించాక బడుల చుట్టూ, మండల ఆఫీసు చుట్టూ తిరగడానికి టైం ఉండదు.